దావీదు చెయ్యి పాట

అచ్యుతరావుకి తన ఇంగ్లీషంటే మహా మురిపెం. తెలుగు రాని ఊళ్లో, మలంచా రోడ్డు మీద ఇనుము పోతపోసే ఫౌండ్రీలో ఏ ఉత్తరం వెళ్లాలన్నా ఆయన టైపు కొట్టాల్సిందే. ఆ ఇంగ్లీషే ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టింది. ఆరేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే ఆయనకి ముద్ద దిగదు.

గొడవంతా ఒక క్యాసెట్టుతో మొదలైంది. ఎనభై ఆరులో కొత్త ఫర్నేసు బిగించడానికి ఇన్యాకి అనే ఇంజనీరు వచ్చి రెండు నెలలున్నాడు. స్పెయినువాడివా అంటే ఒప్పుకునేవాడు కాదు, ఆ దేశంలో ఉత్తరాన ఉండే బాస్క్ జాతివాణ్ణి అనేవాడు. పోతూ పోతూ అచ్యుతరావుకి తమవాళ్ల పాటల క్యాసెట్టొకటి ఇచ్చాడు. ఒకప్పుడు బళ్లో తమ భాష మాట్లాడితే కొట్టేవారట. ఇప్పుడు కుర్రాళ్లు అదే భాషలో, వచ్చీరాని గిటారుతో, పోలీసుల మీదా మూతబడే ఫ్యాక్టరీల మీదా గొంతు చించుకుంటున్నారట. దాన్ని పంక్ అంటారట. అచ్యుతరావు ఒక్కసారి విని చెవులు మూసుకుని, మోల్డింగులో పనిచేసే నూకరాజుకి ఇచ్చేశాడు. ఇచ్చినవాడు ఊరుకోవచ్చు కదా! "వాళ్లు వాళ్ల భాషలో అరుస్తున్నారు. నువ్వు మన భాషలో అరవవోయ్" అని ఎగదోశాడు కూడా.

మరుసటి ఏడు ప్రెస్సులో పడి నూకరాజు తోటి పనివాడు దావీదు చెయ్యి నలిగింది. అజాగ్రత్త అతనిదేనని మేనేజరు చెబితే అచ్యుతరావు ఆ కాగితం టైపు కొట్టాడు.

ఆ ఏటి విశ్వకర్మ పూజ వచ్చింది. యంత్రాలాపి, వాటికి దండలేసి, పనివాళ్ల ఇంటిల్లిపాదినీ గేటు లోపలికి రానిచ్చే రోజది. నూకరాజు మైకు ముందు నిలబడి, అరువు గిటారు బరబరా గీకుతూ ఓ పాట అందుకున్నాడు. చాలా చరణాలే ఉన్నాయి. ఆఖరున ఇదీ:

"మిసనుకి మూత నేదు
మన నోటికి మూత ఉన్నాది
దావీదుదే తప్పని కాయితం రాసినోడా,
నీ సెయ్యి బాగున్నాదా?"

జనం ఈలలేశారు. ముందు వరసలో దావీదు, రెండు వేళ్లే మిగిలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. అచ్యుతరావుకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మేనేజరు సన్యాల్ పిలిచాడు. "రావుబాబూ, పాటలో ఏముందని యజమాని అడుగుతున్నారు. నాకు తెలుగు రాదు. ఇంగ్లీషులో రాసివ్వండి. పూజ పాటే కదా?"

ఆ చివరి మాట అచ్యుతరావు పట్టించుకోలేదు. రోషంగా కూర్చుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా రాశాడు. రెండుసార్లు దిద్ది, సాపు చేసి మరీ ఇచ్చాడు. ఆ వారమే నూకరాజుని పనిలోంచి తీసేశారు.

సన్యాల్ రిటైరయ్యే రోజున అన్నాడు కదా, "పూజ పాట అని రాసుంటే ఫైల్లో పడేసి ఊరుకునేవాణ్ణి. దారి చూపించాను కదా, రావుబాబూ." ఛీ, ఇదా నా చదువు అనుకుని అచ్యుతరావు ఆ పూట అన్నం మానేశాడు.

తొంభై మూడులో ఓ ఆదివారం పొద్దున్నే నూకరాజు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు ఇందా అనే పేటలో ఆటో నడుపుతున్నాడు.

"దావీదు పోనాడు బాబూ. సాయంత్రం ఆలింటికాడ పార్దన కూడిక. ఆడి పెళ్లాం ఎలీసమ్మ ఆ పాట పాడమంతన్నాది. నాకు రెండు ముక్కలే గుర్తున్నాయి. మీరు ఇంగిలీసులోకి రాసినారు కదా, మీకాడ ఉంటాదేమోనని వొచ్చినాను."

అచ్యుతరావు చేతిలో పేపరు పక్కన పెట్టాడు. "రాసింది నేనని నీకు తెలుసా?"

"ఆఫీసులో తెలుగు వొచ్చినోలు మీరొక్కలే కదేటి."

"తెలిసీ నా గుమ్మమెక్కావా?"

"పాట కావాలి కదా బాబూ."

తిట్టినా బాగుండేది. ఆయన దగ్గర కాగితమేమీ లేదు. ఆరేళ్లుగా ఆ పాట ఆయన నోట్లోనే నలుగుతోంది, కాగితమెందుకు? నూకరాజు పెన్సిలు తీశాడు. అచ్యుతరావు మొదటి చరణం నుంచి చెప్పుకుంటూ పోయాడు, నూకరాజు యాసలోనే. 'కాయితం రాసినోడా' దగ్గర ఆగాడు.

నూకరాజు తలెత్తలేదు. "ఊఁ, తరవాత?"

"నీ సెయ్యి బాగున్నాదా" అన్నాడు అచ్యుతరావు, తన రెండు చేతుల వంకా చూసుకుంటూ.

నూకరాజు రాసిన కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టాడు.

"సాయంత్రం మీరూ రండి బాబూ. ఆ ఆఖరి ముక్క మీరే పాడాల."