పడుగు రెండో కొస

ఎమ్మిగనూరులో శేషన్న ఇంట్లో పొద్దున కాఫీ తాగేంతవరకే మాటలు. గ్లాసులు కడిగి బోర్లించినాక ఎవరూ అనవసరంగా నోరు తెరవరు. శేషన్న గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందర కూర్చుంటాడు. భార్య గిరిజమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతుంది. మగ్గం నడిచేటప్పుడు పక్కన ఎవరు ఏమి మాట్లాడినా ఆ మాట గుడ్డలో పడిపోతుంది. తర్వాత ఆ గుడ్డ కప్పుకున్నవాళ్లకు, భుజాన వేసుకున్నవాళ్లకు అది వినపడుతుంది. శేషన్న తాత కాలం నుంచీ అంతే. వీధిలో కొన్ని మగ్గాలు కిర్రుమంటాయి, కొన్నిటికి దారం మాటిమాటికీ తెగుతుంది, ఈ మగ్గానికి ఇది.

అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం దగ్గర చాడీలు చెప్పకూడదు, తిట్టకూడదు, అబద్ధమాడకూడదు. బాలింతలున్న ఇండ్లవాళ్లు వచ్చి, జోలపాట పాడుతూ నేసిన దుప్పటి కావాలని అడిగి తీసుకుపోయేవాళ్లు.

ఎన్నికలు వచ్చి ఆ కట్టుబాటును చెడగొట్టినాయి.

ఓటు ఎవరికి వేసినావో చెప్పనక్కర లేదని చట్టం. ఎవరికి వేసినావో కనిపెట్టకుండా వదలకూడదని వీధి. తూర్పు వరస ఇండ్లు ఒక పార్టీ, పడమటి వరస ఇండ్లు ఇంకొక పార్టీ అయిపోయినాయి. ఎవరు ఏ అంగట్లో టీ తాగుతున్నారు, ఎవరి ఆటో ఎక్కుతున్నారు, ఎవరి ఇంటి చావుకు పోయి ఎంతసేపు కూర్చున్నారు, అన్నిటికీ లెక్క. నవ్వి పలకరిస్తే ఏం ఆశించి పలకరించినాడని అనుమానం. పలకరించకపోతే ఏం దాస్తున్నాడని అనుమానం. ఫలితాలు వచ్చి రెండు నెలలైనా ఇది తగ్గలేదు. గెలిచినవాళ్లకూ నిద్ర లేదు, ఓడినవాళ్లకూ లేదు.

శేషన్న ఏ పార్టీలోనూ చేరలేదు. అయినా టీవీలో వార్తలు పెట్టుకుని, నేస్తూ నేస్తూ తిట్టేవాడు. ఒక రోజు ఆదోని పత్తి యార్డులో తూకం వేసే నరసప్ప బస్సెక్కి వచ్చి, కొన్న దుప్పటి వాపసు ఇచ్చినాడు.

"ఏమప్పా శేషన్నా, కప్పుకుంటే సాలు, 'నువ్వు యా పార్టీ, నిజం సెప్పు' అని అడుగుతాది. నేను నా పెండ్లానికే సెప్పలేదు, దుప్పటికి సెప్తానా?"

గిరిజమ్మ ఆ దినమే వార్తలు ఆపేసింది. ఆమె ఒకసారి ఆపితే ఆపినట్లే.

శేషన్న తమ్ముడు రంగన్న ఎదురింట్లో, అంటే పడమటి వరసలో ఉంటాడు. అన్నదమ్ములు వేరుపడిన నాడు తండ్రి రెండు మాటలు చెప్పిపోయినాడు. ప్రతి శ్రావణంలో అన్న తన మగ్గం మీద తమ్మునికి ఒక తువ్వాలు నేసి ఇవ్వాలి. అన్న పడుగు సాగదీసే రోజు తమ్ముడు రెండో కొస పట్టుకోవాలి.

పడుగంటే దుప్పటికి నిలువునా ఉండే దారాలు. వాటిని తెల్లవారుజామున వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. రెండు కొసలా మనుషులు ఉండాలి. గుంజకు కట్టేస్తే జరిగే పని కాదు. గంజి తడికి దారం బిగుసుకుంటుంది, ఆరేటప్పుడు వదులవుతుంది. ఆ కొసన ఉన్నవాడు అది చేతులతో తెలుసుకుని ఇవ్వాల్సినప్పుడు ఇస్తూ, లాగాల్సినప్పుడు లాగుతూ ఉండాలి. రంగన్న పన్నెండేండ్ల వయసు నుంచీ ఆ కొస పట్టుకున్నాడు. ఆ ఎండాకాలంలో మానేసినాడు. పడమటి వరస నాయకుడు రామాంజి అతన్ని పక్కకు పిలిచి, మన పార్టీలో ఉండి తూర్పు వరస కొస పట్టుకుంటే జనం ఏమనుకుంటారని అడిగినాడంట. అంతే.

ఆషాఢం గాలి లేచిన రోజుల్లో ఒక తెల్లవారి, రామాంజి కట్టించిన ఫ్లెక్సీ వీధిలో పడి ఉంది. అందరికీ దండం పెడుతున్న రామాంజి బొమ్మ, దాని కింద వరసగా పది చిన్న మొహాలు. అందులో ఒకటి రంగన్నది. అతని మొహం ఒక బోర్డు మీదకు ఎక్కడం అదే మొదటిసారి. వెదురు గుంజ విరిగి, ఫ్లెక్సీ సరిగ్గా అతని ముక్కు మీదుగా చినిగిపోయింది. రంగన్న తలుపు తీసేసరికి, దాని మీద రెండు చేతులూ వేసి శేషన్న కొడుకు యువరాజ్ వంగి ఉన్నాడు.

యువరాజ్ పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష, రాత పరీక్ష రెండూ గట్టెక్కినవాడు. మనిషి మీద కేసులేమైనా ఉన్నాయా అని విచారించడం ఒక్కటే మిగిలింది. రోజూ తెల్లవారుజామున పరుగుకు పోయి వచ్చేవాడు. పడి ఉంటే లేపుతున్నా సిన్నాయనా, అని చెప్పినాడు. రంగన్న నమ్మలేదు. చేతులు ఫ్లెక్సీ మీద ఉండడం చూసినాడు. సాయంత్రానికి అది 'చించుతుంటే చూసినాను' అయింది. కన్ను చూసిందానికి అనుమానం ఇంకో నాలుగు మూరలు కలుపుతుంది. అది దాని పని.

నెల గడిచి, ఆ విచారణ దగ్గరపడినాక రామాంజి స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చినాడు. చూసినవాణ్ణి వచ్చే సోమవారం తీసుకురమ్మని, అతను సంతకం పెడితే కేసు రాస్తానని ఎస్సై అన్నాడు. కేసు పడితే యువరాజ్‌కు ఉద్యోగం రాదు. ఇది వీధికంతా తెలుసు. తూర్పు వరసలో సగం మంది కూడా, పిల్లోడు చించే ఉంటాడులే, ఉడుకు రక్తం, అనుకున్నారు. కన్నతల్లి గిరిజమ్మ సైతం ఒక పూట కొడుకును పక్క చూపు చూసింది. తర్వాత ఆ చూపుకు తానే సిగ్గుపడింది. శేషన్న మాత్రం ఏమీ అనలేదు. అన్నం సగం తిని లేచేవాడు.

అప్పటికే శ్రావణం నడుస్తోంది. తువ్వాలు మొదలుపెట్టే రోజు దాటిపోతుంటే గిరిజమ్మ గుర్తుచేసింది. సాక్ష్యం చెప్పేవానికి తువ్వాలా అని శేషన్న అడిగినాడు. నాయన మాట తమ్ముడు తప్పినాడని నువ్వూ తప్పుతావా అని ఆమె అడిగింది. శనివారం మధ్యాహ్నం అతను మగ్గంలో కూర్చుని, అడ్డదారం విసిరే నాడె చేతికి తీసుకున్నాడు.

యువరాజ్ టీవీలో షటిల్ ఆట పెట్టుకున్నాడు. ఏవో ప్రపంచ పోటీలు, ఆడపిల్లల చివరి ఆట. అందులో తిట్లు ఉండవు గనుక గిరిజమ్మ ఒప్పుకుంది.

"మనోళ్లు యెవరు?" అన్నాడు శేషన్న, చేతులు ఆపకుండానే.

"మనోళ్లు లేరు నాయనా. రెండూ వేరే దేశాలు."

"మరి యెవరి పక్కన సూడాల?"

"యెవరి పక్కా లేదు. ఆట సూడు."

ఆ రెండు దేశాల మధ్య సరిహద్దులో కాల్పులు జరుగుతున్నాయని యువరాజ్ చెప్పినాడు. అయితే ఆ పొడుగు పిల్ల ఏదో ఒక మోసం చేస్తుందని శేషన్న అనుకున్నాడు. ఎప్పుడు చేస్తుందా అని ఒక కన్ను నేతమీద, ఒక కన్ను ఆమె మీద పెట్టి కూర్చున్నాడు. గంటసేపు చూసినాడు. ఆమె మోసం చేయలేదు. పొట్టి పిల్ల కాలు జారి పడితే, వలకు ఇవతల నిలబడి ఆమె లేచేదాకా చూసింది. శేషన్నకు రెండు నెలల తర్వాత భుజాలు కొంచెం వదులైనాయి. ఎవరు గెలిచినా తన కొంప మునగని ఒక పోటీ లోకంలో ఉందని అతనికి అప్పుడే తెలిసినట్లుంది.

ఆట చివరికి వచ్చింది. పొట్టి పిల్ల కొట్టిన కాక్ గీత అవతల పడింది. పొడుగు పిల్ల గెలిచిందని చెప్పేసినారు. ఆమె దేశం వాళ్లు లేచి జెండాలు ఊపుతున్నారు. ఆమె మాత్రం చెయ్యి ఎత్తి పెద్దమనిషి దగ్గరికి నడిచింది. కాక్ బయటికి పోకముందు తన బ్యాట్ అంచుకు తగిలిందని చెప్పింది. ఎవరూ చూడలేదు. పెద్దమనిషి చూడలేదు, పొట్టి పిల్లా చూడలేదు. తానే చెప్పింది. ఆ పాయింటు పోయింది, దాని వెనకాలే ఇంకొకటి పోయింది, ఆట పోయింది. గెలిచిన పిల్ల వల కింద నుంచి దూరి వచ్చి ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది.

శేషన్న చేతులు అలవాటు కొద్దీ నాడె విసురుతూనే ఉన్నాయి.

"యెవురూ సూడలేదు గదా," అన్నాడు. "సెప్పకపోతే పోయేది గదా." నాడె రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "ఆ గుంజకు కొస కట్టింది నేనే."

గిరిజమ్మ రాట్నం ఆగింది. యువరాజ్ టీవీ ఆపి తండ్రి వైపు తిరిగినాడు.

అప్పుడు నాడె ఆపి చెప్పినాడు. ఆ రోజు కొస పట్టేవాడు లేక, చీకటి విడవకముందే పడుగు తీసుకుపోయి ఫ్లెక్సీ గుంజకు కట్టినాడు. గంజి తడికి దారం బిగుసుకుంది, గాలి తోసింది, గుంజ విరిగింది. చుట్టూ చూసినాడు. ఎవరూ లేరు. పడుగు చుట్టుకుని లోపలికి వచ్చేసినాడు. ఆ తర్వాత అరగంటకు కొడుకు పరుగు నుంచి వచ్చినాడు.

గుంజ విరగడం పొరపాటు. నలభై దినాలు కొడుకు మొహం చూస్తూ నోరు మూసుకోవడం పొరపాటు కాదు.

యువరాజ్ లేచి బయటికి పోయినాడు. శేషన్న బ్లేడు తీసుకున్నాడు. మాట పడిన చోటు నాలుగు వేళ్ల మేర ఉంది. కోసి మళ్లీ అతికితే తువ్వాలు కొంచెం పొట్టిదవుతుంది, అంతే.

"కొయ్యి," అంది గిరిజమ్మ. "బిడ్డ బతుకు గూడ ఆడికే కోసెయ్యి. నేనేమీ అడ్డం రాను."

అతను బ్లేడు కింద పెట్టినాడు.

ఆదివారం ఆమే తువ్వాలు మడిచి ఎదురింటికి తీసుకుపోయింది. రంగన్న దాన్ని చేతికి తీసుకోలేదు. గడప మీద పెట్టమన్నాడు. సాక్ష్యానికి ముందురోజు తువ్వాలు వస్తే దాని అర్థమేమో తనకు తెలియనిది కాదన్నాడు.

"ఏం మాటలు నేసినారు వదినా? నా కాళ్లు పట్టుకునే మాటలా?"

"నిన్ను బతిమాలే మాట దాంట్లో ఒగటి గూడ లేదబ్బీ. యినేది యినకపోయేది నీ యిష్టం. మామ యేటా పెట్టమని సెప్పిపోయినాడు, పెట్టినా," అంది.

రాత్రంతా తువ్వాలు గడప మీదే ఉంది. రంగన్న ఇంట్లో ఒక పాత తువ్వాలు ఉంది, యువరాజ్‌కు మాటలు వచ్చిన ఏడాది నేసింది. కప్పుకుంటే 'సిన్నాయనా' అని ముద్దుగా వినపడుతుంది. ఎన్నికల నుంచీ అతను దాన్ని పెట్టెలో అడుగున పెట్టినాడు. కొత్తదాన్ని కూడా అక్కడే పెడదామని సోమవారం పొద్దున చేతికి తీసుకున్నాడు. బయట రామాంజి బండి హారన్ కొట్టినాడు. తొందరలో దాన్ని భుజాన వేసుకునే బండి ఎక్కినాడు.

స్టేషన్ చేరేంతవరకు రామాంజి ఏమి చెప్పినాడో రంగన్నకు తలకెక్కలేదు. చెవి దగ్గర జనం కేకలు వేస్తున్నారు, బ్యాట్ల చప్పుడు, ఎవరో తెలుగులో ఆట చెప్తున్నారు. వదిన చెప్పింది నిజమే, తన పేరు ఎక్కడా లేదు. ఎక్కడ మోసం పెట్టినారా అని చెవి ఒగ్గి వింటూ పోయినాడు. అతను మోసం కోసం అంత శ్రద్ధగా వినకపోయి ఉంటే, గుంజకు కొస కట్టింది నేనే అన్న ఆ చిన్న మాట వినపడేది కాదేమో.

ఎస్సై కాగితం ముందుకు తోసి, చించుతుంటే చూసినావా అని అడిగినాడు. రామాంజి పక్కనే నిలబడినాడు.

రంగన్న కాగితం వైపు చూసినాడు. చినిగిన తన మొహం గుర్తుకు వచ్చింది. దాని వెనకాలే, ఆ తెల్లవారి తాను మేలుకునే ఉండి, వీధిలో గంజి వాసన వచ్చినా దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నది గుర్తుకు వచ్చింది.

"సూడలేదు సార్," అన్నాడు. "సెయ్యి దాని మీద ఉండేది సూసినా. సించేది సూడలేదు. ఆ పడుగు కొస నేను పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. అందుకే గుంజ యిరిగింది."

రామాంజి అతన్ని చూసిన చూపు ఇంకా ఆ వీధిలో ఉంది.

బయటికి వస్తే గేటు దగ్గర శేషన్న నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ నాలుగు నెలలుగా మాట్లాడుకోలేదు.

"నువ్వు సెప్పే పని లేదన్నా. అయిపోయింది. గుడ్డ సెప్పింది."

"గుడ్డ సెప్తే నాదేముంది అందులో," అన్నాడు శేషన్న. "ఆటలో ఆ పొడుగు పిల్ల తన నోటితో సెప్పె."

లోపలికి పోయి, తన నోటితో చెప్పినాడు. ఎస్సై గుంజకు కట్టిన పడుగు మీద ఏ కేసు రాయాలో తెలియక, ఇద్దరినీ కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టి పంపించేసినాడు.

వీధి అనుమానం మానలేదు. రంగన్న ఎంతకు అమ్ముడుపోయినాడో కనుక్కోవాలని పడమటి వరస, శేషన్న దీని వెనక ఏం పథకం వేసినాడో అని తూర్పు వరస ఇప్పటికీ తలుపు సందుల్లో నుంచి చూస్తుంటాయి. కొత్త ఫ్లెక్సీలో తొమ్మిది చిన్న మొహాలే ఉన్నాయి. యువరాజ్ తండ్రితో మాట్లాడడానికి వారం పట్టింది. కాగితాల విచారణలో అతని మీద ఏమీ లేదని తేలింది. దసరా దాటినాక శిక్షణకు పోయినాడు.

గిరిజమ్మ ఆదోని నరసప్పకు వాపసు దుప్పటికి బదులు కొత్తది పంపింది. అతను భయపడి మూడు రోజులు దాన్ని విప్పలేదు. నాలుగో రోజు కప్పుకున్నాడు. అందులో ఏముందని పెండ్లాం అడిగితే, ఏమీ లేదన్నాడు. మగ్గం చప్పుడు. పక్కన ఎవరో వచ్చి కూర్చున్న చప్పుడు. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక గొంతు, రేపు పడుగు సాగదీస్తా, వస్తావా అంటుంది. ఇంకొక గొంతు ఊ అంటుంది.

ఆ 'ఊ' దగ్గరికి వచ్చేసరికి రోజూ తనకు నిద్ర పడుతోందని నరసప్ప చెప్పినాడు.