ఇద్దరి గంటలు

"ఆడవాళ్ల వైపు మూడో గదిలో అద్దం మీద మరకలున్నాయట," అన్నాడు మా ఆయన వెర్లిన్, చేతిలో కాఫీ కప్పు కింద పెట్టకుండానే.

నేనప్పుడే ఆ గదుల నుంచి వచ్చి ట్రైలర్ మెట్టు మీద కూర్చుని రబ్బరు తొడుగులు విప్పుకుంటున్నాను. ఆరు మరుగుదొడ్లు, నాలుగు స్నానాల గదులు. పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదికి అవుతుంది. అరిజోనా ఎడారి కదా, ఎనిమిది దాటితే ఆ రేకు కప్పు కింద నిలబడలేం. తొడుగులు మళ్లీ వేసుకుని వెళ్లాను. అద్దం పాతది, లోపలి పూత ఊడిపోయింది. అది తుడిస్తే పోయే మరక కాదు. అయినా తుడిచాను.

ఇది జీతం పని కాదు. ఈ విడిది మైదానంలో మా ట్రైలర్‌కి చోటు, కరెంటు, నీళ్లు ఉచితం. బదులుగా వారానికి ఇరవై నాలుగు గంటల పని. చక్రాల మీద ఇల్లు పెట్టుకుని బతికే మాలాంటివాళ్లకి ఇది మామూలు ఏర్పాటే. ఒప్పందంలో గంటలు మనిషికింత అని రాయరు, జంటకింత అని రాస్తారు. కాగితం మీద వెర్లిన్, మార్లిస్ అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మొదటి వారం వెర్లిన్ కూడా చెత్తడబ్బాలు ఖాళీ చేశాడు. రెండో వారం నడుం పట్టేసింది. మూడో వారం నుంచి గోల్ఫ్ బండిలో తిరుగుతూ కొత్తగా దిగేవాళ్లకి చోటు చూపించడం, వాళ్ల ఇంజన్ల గురించి గంటసేపు మాట్లాడటం అతని పనయింది. అదీ గంటల్లోకే వస్తుందంటాడు. రావచ్చు. కానీ శనివారం మేనేజరు యోలాండా వచ్చి చూసేది మరుగుదొడ్లనే.

మూడేళ్ల కింద మాకు సౌత్ డకోటాలో ఒక ఇల్లుండేది. బడి వంటగదిలో ఇరవై ఏడేళ్లు చేసి నేను రిటైరైన నెలలోనే దాన్ని అమ్మేశాం. అమ్మేశాం అంటున్నాను గానీ, వెర్లిన్ అమ్మాడు, నేను సంతకం పెట్టాను. "ఇంక చాకిరీ లేదు మార్లిస్. గడ్డి కొయ్యక్కర్లేదు, మంచు ఎత్తక్కర్లేదు," అన్నాడు. గడ్డీ మంచూ అతని పనులు. నా పనుల్లో ఒక్కటి కూడా ఆ మాటల్లో లేదని అప్పుడు నాకు తట్టలేదు. వంట, గిన్నెలు, బట్టలు, పక్కలు అన్నీ నాతోపాటే ముప్పై అడుగుల ట్రైలర్‌లోకి ఎక్కాయి. కాగితాలు రాయించుకునే ఆఫీసులో బల్ల మీద ఒక గిన్నె నిండా చాక్లెట్లు పెట్టారు. కొనుక్కునే జంట నవ్వుతున్నారు, వెర్లిన్ నవ్వుతున్నాడు. నాకిష్టం లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అందరి సంతోషం పాడుచేయడం ఎందుకని అనలేదు. ఎవరైనా అడిగితే, "మార్లిస్‌కి ఈ బతుకంటే ప్రాణం," అని ఇప్పటికీ అతనే చెబుతాడు. పక్కన నిలబడి నేను నవ్వుతాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మొదటి ఏడు బాగానే తిరిగాం. తర్వాత డీజిల్ గ్యాలను నాలుగు డాలర్లు దాటింది, ఐదు దాటింది. ట్రైలర్‌ని లాగుతుంటే మా పికప్ ట్రక్కు గ్యాలనుకి తొమ్మిది మైళ్లకన్నా పోదు. బంకులో మీటరు తిరుగుతున్నంతసేపూ వెర్లిన్ అటు తిరిగి నిలబడేవాడు. బరువు తగ్గిస్తే డీజిల్ కలిసొస్తుందని ఇంటర్నెట్‌లో ఎవరో రాశారట. లారీలు తూచే కాటా మీదకి మా కాపురాన్నంతా ఎక్కించి తూయించాడు. ఆ రోజు నుంచి మొదలైంది. నీళ్లు బరువు, కనుక ట్యాంకులో పావు వంతే పట్టాలి, గిన్నెలు రెండు చెంబుల నీళ్లతో కడగాలి. మా అమ్మమ్మ ఇనప పెనం బరువు. నా కుట్టు మిషను మరీ బరువు. "ఇప్పుడు కుట్టడానికేముంది చెప్పు, కావాలంటే కొనుక్కుంటే పోలా," అన్నాడు. ఏదో ఊళ్లో చర్చివాళ్ల పాత సామాన్ల దుకాణం ముందు దాన్ని దించేశాం. పికప్ ఎక్కబోతూ, మూత సరిగ్గా పడిందో లేదోనని నేను వెనక్కి వెళ్లి చూసి వచ్చాను. అతని పనిముట్ల పెట్టె, జనరేటరు, టైర్లకి గాలి కొట్టే యంత్రం, మాంసం కాల్చే పొయ్యి మాత్రం అవసరమైనవి. అవెంత బరువని నేనడగలేదు. అడగవలసింది.

ఇంత చేసినా డీజిల్ ఖర్చు తగ్గలేదు. అప్పుడే ఈ ఉచిత చోటు సంగతి ఎవరో చెప్పారు. "కదలకపోతే డీజిలే అక్కర్లేదు కదా. ఒక్క చలికాలం ఇక్కడుందాం, ఏప్రిల్లో ఉత్తరానికి పోదాం. మీ అక్కని చూద్దువుగాని," అన్నాడు. మీ అక్క అన్న మాట దగ్గర నేను ఒప్పుకున్నాను.

మా అక్క ఆర్డిస్ మిన్నెసోటాలో, దులూత్‌లో ఉంటుంది. నాకన్నా పదకొండేళ్లు పెద్ద. అమ్మ పశువుల కొట్టంలో పాలు పితుకుతుంటే నన్ను చంకనేసుకుని తిప్పింది అక్కే. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు చేసింది, అక్కడి కార్మిక సంఘానికి నాయకురాలు. ఆమె మెట్లెక్కి వస్తోందంటే సూపర్‌వైజర్లు కుర్చీల్లో సర్దుకునేవారట. రెండేళ్ల కింద ఆమెకి మతిమరుపు జబ్బని తేలింది. ఆ రోజు తనే ఫోన్ చేసింది. "చూడు పిల్లా, నా తల ఖాళీ అయిపోతోందట. ఒక్కసారిగా కాదులే, కొంచెం కొంచెంగా. నువ్వెవరో నాకు తెలిసుండగానే ఒకసారి వచ్చిపో. తర్వాతొచ్చి నన్ను పట్టుకుని ఏడిస్తే, ఎవరో పిచ్చిదనుకుంటాను," అని నవ్వింది. నేనూ నవ్వి, వస్తానక్కా, డీజిల్ కాస్త తగ్గగానే వస్తాం అన్నాను.

విమానం సంగతి ఎత్తాను. "ఇక్కణ్ణుంచి విమానాశ్రయం మూడు గంటలు. టికెట్టు, మళ్లీ అక్కడ అద్దె కారు. ఆ డబ్బేదో పెడితే ఇల్లు తగిలించుకుని ఇద్దరం వెళ్లొచ్చుగా," అన్నాడు వెర్లిన్. మాలాంటివాళ్ల ఆలోచనే అంత. ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్లం, ఎక్కడికి వెళ్లినా ఇల్లు లాక్కుని వెళ్తాం. దులూత్ రెండు వేల మైళ్లు. ఇంటితో సహా రెండు వేల మైళ్లంటే ఎవరికైనా భయమే. వారం వారం ట్రైలర్‌ని ఇక్కడే వదిలేసి, ఆ పికప్‌నే నడుపుకుంటూ నేను సరుకులకి వెళ్తూనే ఉన్నాను. ఆ బండి బజారు దాటి ముందుకి కూడా పోతుందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఎందుకనిపించలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఏప్రిల్ వచ్చింది, డీజిల్ ఇంకా పెరిగింది. ఎండాకాలం ఇక్కడ ఎవరూ ఉండరు కనుక ఉండిపొమ్మని యోలాండా అడిగింది, వెర్లిన్ ఇద్దరి తరఫునా సంతకం పెట్టి వచ్చి నాకు చెప్పాడు. మళ్లీ చలికాలం, మళ్లీ ఏప్రిల్. ప్రతి ఆదివారం అక్కకి ఫోన్ చేసేదాన్ని. మొదట్లో ఎప్పుడొస్తావని అడిగేది. తర్వాత అదే మాట ఒక్క ఫోన్లో ఐదుసార్లు అడిగేది. మే నెలలో ఒక ఆదివారం, నేను మార్లిస్‌ని అంటే, "మార్లిస్ బడికి వెళ్లిందండీ, వచ్చాక చెబుతాను," అంది, ఎంతో మర్యాదగా.

ఫోన్ పెట్టేసి బట్టలు ఆరేయడానికి ట్రైలర్ వెనక్కి వెళ్లాను. అటుపక్క కొత్తగా దిగిన లోవెల్ అనే ఆయనతో వెర్లిన్ మాట్లాడుతున్నాడు. మైలేజీ ఎంతిస్తుందని లోవెల్ అడిగాడు.

"ఇల్లు తగిలిస్తే తొమ్మిది," అన్నాడు వెర్లిన్. "విప్పేసి వట్టి పికప్ నడుపు, పంతొమ్మిది. రోడ్డు బాగుంటే ఇరవై కూడా. మార్లిస్‌నడుగు, బజారుకి అదే తీసుకెళ్తుంది. వెన్నలా పోతుంది."

తడి దుప్పటి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రెండేళ్లుగా నేను భయపడుతున్న ఖర్చులో సగానికి పైగా ట్రైలర్‌ది. అక్కని చూడటానికి ట్రైలర్ ఎందుకు? వెర్లిన్‌కి ఈ సంగతి ఎప్పుడూ తెలుసు. అతను దాచాడని కూడా అనలేను, పక్కచోటు మనిషికి గొప్పగా చెబుతున్నాడు. నాకు చెప్పలేదు, అంతే. నేనూ అడగలేదు. ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో తెలియక దుప్పటి మళ్లీ మళ్లీ పిండాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాను, పికప్ తీసుకుని దులూత్ వెళ్తున్నానని.

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నే."

"నాలుగు రోజుల రోడ్డు మార్లిస్. నీకేం తెలుసు రోడ్డు సంగతి? డీజిల్ ఎంతుందో చూశావా?"

"పంతొమ్మిది మైళ్లిస్తుందటగా. లోవెల్‌తో అన్నావు."

సూపులో చెంచా తిప్పాడు. తర్వాత, ఉప్పు అందివ్వమన్నట్టే మామూలుగా అడిగాడు. "నువ్వెళ్తే గంటలెవరు చేస్తారు?"

అక్క ఎలా ఉందని అడగలేదు. నువ్వు జాగ్రత్త అని కూడా అనలేదు. వెర్లిన్ చెడ్డవాడు కాదు. తాగడు, ఒక్కనాడూ చెయ్యెత్తలేదు, నా పుట్టినరోజు మర్చిపోడు. అందుకేనేమో నాకింత కాలం పట్టింది. డీజిల్ ధర మా ఇద్దరి దారికీ అడ్డం పడిందనుకుని అతని మీద జాలిపడ్డాను కూడా. అడ్డం పడింది ఆ ఇరవై నాలుగు గంటలు. అవి నావని అతనికి మొదటి నుంచీ తెలుసు.

"నీ నడుం ఎలా ఉంది?" అన్నాను.

"పర్లేదు."

"అయితే నువ్వే," అన్నాను. రెండు వారాల్లో వచ్చేస్తానని కూడా అన్నాను. అడగకుండానే అన్నాను.

నాలుగు రోజులు నేనే నడిపాను, డీజిల్ నేనే నింపుకున్నాను. మీటరు తిరుగుతుంటే ఎదురుగా నిలబడి చూశాను. వెనక ట్రైలర్ లేకపోతే బండి ఇంత తేలికా అని మొదటిరోజంతా వింతగా ఉంది. నెబ్రాస్కా దాటాక ఆ వింత పోయి, రెండేళ్ల కింద కూడా ఇదే రోడ్డు ఇక్కడే ఉందికదా అని దిగులు పట్టుకుంది.

నేను దులూత్ చేరేసరికి అక్క కూతురు సిగ్రిడ్ డ్యూటీకి వెళ్లిపోయింది. పగలు అక్కని చూసుకునే జీతం మనిషికి ఆ వారం సెలవిచ్చారు, నేనొస్తున్నాను కదాని. అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. సగానికి చిక్కిపోయింది. నన్ను పైనుంచి కిందకి చూసి, "కొత్తమ్మాయివా? పాతావిడ మానేసిందా?" అంది. నాకు అరవై ఆరేళ్లు. అవునండీ, కొత్తదాన్నే అన్నాను. ఆమె ముందు ఏడవలేదు. బయటికొచ్చి పికప్ తలుపులు వేసుకుని ఏడ్చాను. నువ్వెవరో తెలిసుండగానే రమ్మంది. అంతకన్నా తేలిగ్గా ఎవరూ ఏమీ అడగలేరు. ఆ ఒక్కటీ చేయలేకపోయాను. ఇంక ఎప్పటికీ చేయలేను.

నేను బయల్దేరిన పదో రోజున వెర్లిన్ ఫోన్ చేశాడు. నేను అక్క పక్కమీద దుప్పట్లు మారుస్తున్నాను. "యోలాండా వచ్చి గొడవ చేసింది మార్లిస్. ఆ గదులు కడగడం నా వల్ల కావట్లేదు. సోమవారానికల్లా నువ్వు లేకపోతే చోటు ఖాళీ చెయ్యమంటోంది. పికప్ నీ దగ్గరుంటే ట్రైలర్‌ని నేనెట్లా కదపను?"

"వస్తాన్లే," అన్నాను. నలభై మూడేళ్ల కాపురంలో అలవాటు, నోరు దానంతటదే అనేసింది. ఫోన్ పెట్టేసి దుప్పటి అంచులు పరుపు కిందకి దోపుతున్నాను.

అక్క నన్నే చూస్తోంది. "ఎవరమ్మాయీ ఫోన్లో?"

"ఇదివరకు పని చేసిన చోటండీ. మళ్లీ రమ్మంటున్నారు."

"జీతం సరిగ్గా ఇస్తారా?"

"ఇవ్వరండీ."

"ఆలస్యం చేస్తారా?"

"అసలివ్వరు."

"ఎన్నాళ్లుగా?"

"నలభై మూడేళ్లు," అన్నాను.

అక్క కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. నేను వచ్చి ఆరు రోజులైనా ఆమె తనంతట తాను లేవడం నేను చూడలేదు. చెయ్యి చాపి, "నంబరు కలిపి ఇలా ఇయ్యి," అంది. వద్దులెండి అనబోయాను. ఆమె చెయ్యి దించలేదు. వెర్లిన్ నంబరు కలిపి ఇచ్చాను.

"ఇదిగో, మీ దగ్గర పని చేసిన అమ్మాయి తరఫున మాట్లాడుతున్నాను," అంది అక్క.

అవతల వెర్లిన్ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "ఆర్డిస్? నేను వెర్లిన్‌ని."

"ఎవరైనా సరే. నలభై మూడేళ్లు ఒక్క సెంటు ఇవ్వకుండా చేయించుకున్నారట. ఆ అమ్మాయి ఇక రాదు. మీకు మనిషి కావాలంటే జీతమిచ్చి పెట్టుకోండి."

ఫోన్ నా చేతిలో పెట్టి, మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చుని, పక్కనున్న కుర్చీ చూపించింది. "నిన్నెవరూ ఏమీ అనరు, నేనున్నాగా. ఆ దుప్పటి అలా ఉండనీ, కూర్చో."

నేను కూర్చున్నాను.