ఉబైద్ ఫిరోజా

ఆ ఉంగరం మాటెత్తితే చాలు, కమరున్నిసాకు మొగుడి మీద కోపమూ ప్రేమా కలిసే పొంగుకొచ్చేవి. పెళ్లయిన కొత్తలో ఉబైద్ అరబ్బు దేశపు ముహర్రక్ బజారులో మోజుపడి కొనుక్కున్న ఫిరోజా రాయి ఉంగరం అది. అప్పుడు చూడాలి దాని నీలం! కొన్నేళ్లకే ఆకుపచ్చగా మారిపోయింది.

"రంగేసిన రాయిని అంటగట్టిన్రు నీకు" అని ఆటపట్టించేది. ఉబైద్ నవ్వుతూ, ఉంగరమున్న చేత్తోనే ఆమెకు పరోటా తుంచి పెట్టేవాడు. ఎంత మంచి నవ్వో ఆయనది!

ఆయన పోయిన మరుసటేడు, 2007లో, ఆమె ముహర్రక్ పక్కనున్న గలాలీలో వంటపని మానేసి సొంతూరు జగిత్యాలకు ప్రయాణానికి సిద్ధమైంది. అక్కడున్న కొడుకు కాషిఫ్‌కు తండ్రి గుర్తుగా ఆ ఉంగరమే ఇవ్వాలి. నకిలీ రాయైతే ఏ మొహం పెట్టుకుని ఇస్తుంది? సంగతి తేల్చుకుందామని, వీలైతే మళ్లీ నీలం చేయిద్దామని, ముహర్రక్‌లో రాళ్లు పొదిగే వెంకటి దగ్గరికి వెళ్లింది. అతనిదీ జగిత్యాలే.

వెంకటి భూతద్దం పెట్టి చూశాడు. "రంగేస్తే పగుళ్లల్ల ముదురుగ పేరుకుంటది అక్కా. దీంట్ల లేదు." గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి రుద్దాడు. దూది తెల్లగానే ఉంది. చివరికి వెండి అంచు విప్పి, రాయిని వెల్లకిలా తిప్పాడు.

అడుగున అదే నీలం! కొన్ననాడు ఉబైద్ చెయ్యి చాపి మురిపెంగా చూపించిన నీలం.

"బావ ఏం పని చేసేటోడు?" అన్నాడు వెంకటి.

"ఉమ్మ్ అల్ హస్సామ్ హోటల్ల పరోటాలు చేస్తుండె. పొద్దంత నూనెలనే చెయ్యి."

"గదీ సంగతి. అసలు ఫిరోజా చెమట తాగుతది, నూనె తాగుతది, రంగు మారుతది. రంగేసి జిగురు పట్టించిన రాయి ఏం తాగదు. బావ మోసపోలేదక్కా."

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు ఎదురుగా ఉంటే ఎంత నవ్వేవాడో! ఆ నవ్వు కోసం ప్రాణం కొట్టుకుంది.

వెంకటి సాన ముందుకు లాక్కున్నాడు. "పైపొర అరగదీస్తే మళ్ల నీలం అస్తది. చెయ్యాల్నా?"

రాయికీ సానకూ మధ్య ఆమె చప్పున అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ. నీలం దుకాణపోడిచ్చింది. ఈ పచ్చది మా ఆయనది. కాషిఫ్‌కు గిట్లనే ఇస్త."