మడిలో తుంగ

పోలరాజు రెండో మడి చివరికొచ్చేసరికి, మొక్కల కింద పరిచిన వరిగడ్డి మంచుకి తడిసి మెత్తబడి ఉంది. గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో స్ట్రాబెరీ ఆకుల్ని పసిపిల్ల జుట్టులా పక్కకి ఒత్తిపట్టి, కుడిచేత్తో కలుపు తీసే ఖుర్పీ మొన మట్టిలోకి దించాడు. తుంగని ఊరికే లాగితే తెగిపోతుంది. మట్టి వదులుచేసి, దారంలాంటి వేరు పట్టుకుని కిందికి వెళ్తే నల్లటి గడ్డ దొరుకుతుంది. అది తీస్తేనే తీసినట్టు, లేకపోతే మళ్లీ మొలుస్తుంది. గడ్డని సంచిలో వేసి ముందుకి జరిగాడు. అతని వేళ్లు చాపినా పూర్తిగా తిన్నగా రావు. కుడిమోకాలు కదిలినప్పుడల్లా పాత తలుపులా కిర్రుమంటుంది.

వయసంతా చేసింది ఈ పనే. మేనమామ వెంట శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో, ఉక్కు కరిగించే చోట పని దొరుకుతుందనుకున్నాడు. కాంట్రాక్టరు అతన్ని కార్ఖానా లోపలి రైలుపట్టాల మధ్య గడ్డి పీకడానికి పెట్టాడు. కాంట్రాక్టర్లు మారారు, గేటుపాసు ఫొటోలో జుట్టు నెరిసింది, పని మాత్రం మారలేదు. గడ్డిమందు కొట్టే బండి వచ్చాక పాసు ఆగిపోయింది. కరిగిన ఉక్కుని దగ్గర్నుంచి ఒక్కసారీ చూడకుండానే బయటికొచ్చేశాడు. తానుండే పర్సుడీహ్‌లో ఎవరైనా అడిగితే మాత్రం, "పిలాంట్‌లో సేశాను," అంటాడు.

ఆ తర్వాత దొరికింది జానకిరామ్ గారి పెరడు. ఆయన అదే కార్ఖానాలో రిటైరైన ఇంజనీరు. సీతారామ్‌డేరాలో ఇల్లు కట్టుకుని, ఇంటివెనక ముచ్చటపడి స్ట్రాబెరీ వేశారు. దసరా మొదలు చలికాలమంతా పోలరాజు రోజూ సైకిలు మీద వచ్చి కలుపు తీసి వెళ్తాడు.

ఇవాళ మనసు మడిలో లేదు. కార్ఖానాలో కూలిపని చేసే కొడుకు హరిప్రసాద్ పాసు కూడా ఆగింది. కొత్త కాంట్రాక్టరు పాతవాళ్లని తీసేస్తున్నాడు. ఆ కాంట్రాక్టరు ఒకప్పుడు జానకిరామ్ గారి చేతికింద పనిచేసినవాడే. దసరాకి మిఠాయి తెచ్చి ఆయన కాళ్లకి మొక్కడం పోలరాజు ఈ పెరట్లోంచే చూశాడు. ఆయన ఒక్క ఫోను చేస్తే చాలు. పొద్దున ఆ మాటంటే కొడుకు నోట్లో బ్రష్షు తియ్యకుండానే, "ఛోడో నా, నాన్నా. కోయీ నహీ కరేగా," అన్నాడు, ఎవరూ చెయ్యరని తేల్చేస్తూ.

"ఎన్నేళ్ల నుంచో సూత్తన్నాన్రా ఆ బాబుని. నా మాట తీసియ్యడు," అన్నాడు పోలరాజు.

ఎండెక్కాక పోలరాజు ఒంటిమీది స్వెట్టరు విప్పి జామకొమ్మకి తగిలించాడు. జానకిరామ్ గారు గిన్నె పట్టుకుని పళ్లు కోసుకోడానికి వచ్చారు. పోలరాజు గోడ పట్టుకుని లేచాడు.

"బాబుగోరూ, ఓ మాటండి."

"చెప్పు." ఆయన పండు తుంచుతూనే ఉన్నారు.

"మావోడి పాసు ఆపీసినారండి. మీరోపాలి ఆ కంట్రాక్టరుబాబుకి ఫోన్ సేసి సెప్పీత్తే..."

"రిటైరైపోయాను కదయ్యా. ఇప్పుడు నా మాట ఎవరు వింటారు?"

"ఆయన మీ కాళ్లకి దండమెట్టాడు కదండీ."

జానకిరామ్ గారి చెయ్యి ఆగింది. "సిఫార్సులు నాకు అలవాటు లేవు పోలరాజూ. సర్వీసంతా ఎవరికీ చెయ్యలేదు." గిన్నె నిండాక, వెళ్తూ వెళ్తూ అన్నారు: "అన్నట్టు, రేపు నల్లషీటు వస్తోంది. మొక్కల చుట్టూ పరిచేస్తే కలుపు రాదట. ఇవాళ శుభ్రంగా తీసెయ్యి. ఇంక రోజూ అంత దూరం నుంచి నువ్వు తొక్కుకుంటూ రానక్కర్లేదు." అతని కష్టం తగ్గించినట్టే ఉంది ఆ గొంతు.

"అలాగేనండి."

కాసేపటికి కిటికీలోంచి ఆయన మాటలు వినిపించాయి. అవతలివాడు ఆ కాంట్రాక్టరే. పేరుపెట్టి పిలుస్తున్నారు. "షీటుతో పాటు ఇద్దరు మనుషుల్ని కూడా పంపవయ్యా. నేను అడిగితే కాదంటావా?" అని నవ్వారు.

పోలరాజు మూడో మడి ముందు కూర్చున్నాడు. తుంగ మొదలు పట్టుకుని లాగాడు. తెగింది. ఖుర్పీ అందుకోబోయి ఆగాడు. ఇంకోటి లాగాడు, అదీ తెగింది. మడి పొడవునా పచ్చటి కొసలు తెంచుకుంటూ పోయాడు. గడ్డలన్నీ లోపలే ఉండిపోయాయి. పట్టాల మధ్య తిట్లు తిన్ననాడూ, చూసేవాడెవడూ లేనినాడూ అతను గడ్డ వదిలిపెట్టలేదు. ఇప్పుడు వదిలితే కసి తీరుతుందనుకున్నాడు. తీరలేదు. చివర్లో ఒకచోట వేలు మట్టిలోకి పోనిచ్చాడు. గడ్డ గట్టిగా, చల్లగా తగిలింది. క్షణంసేపు దాన్ని అలాగే పట్టుకుని, వదిలేసి, పైన మట్టి కప్పేశాడు.

జానకిరామ్ గారి భార్య శాంతమ్మ గారు టీ తెచ్చారు. భర్త ఏం చెప్పారో ఆమెకి తెలియదు. "అబ్బ, మడి అద్దంలా చేశావు పోలరాజూ! రేపు టమాటాల దగ్గర కూడా చూద్దువుగాని," అన్నారు.

అతను తల దించుకుని టీ తాగాడు. గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించాడు. "ఎల్లొత్తానమ్మా," అన్నాడు. జామకొమ్మ వైపు ఓసారి చూసి, సైకిలు నడిపించుకుంటూ బయటికెళ్లి గేటు గడియ వేశాడు.

ఆమె వెనక్కి తిరిగేసరికి జామకొమ్మకి ముదురెరుపు స్వెట్టరు వేలాడుతోంది. నిరుటి చలికి ఆమే భర్తది తీసి అతనికిచ్చారు. పిలుద్దామని గేటుదాకా వెళ్లారు. సందులో ఎవరూ లేరు. స్వెట్టరు మోచేతుల దగ్గర చిరుగులకి వేరే రంగు ఊలుతో అల్లికలు పడ్డాయి. మెడపట్టీ లోపల, లాండ్రీవాడు ఎప్పుడో సిరాతో రాసిన ఈ ఇంటి నంబరు మాత్రం చెరగలేదు.