ఆది జాకెట్లు

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అనలేదు. వీసా ఇచ్చేవాళ్ళు వేరు, విమానం దిగాక తలుపు తీసేవాళ్ళు వేరు. ఆ సంగతి ఎవరైనా నాకు ముందే చెప్పి ఏడిస్తే కాస్త తయారుగా వచ్చేదాన్ని.

కౌంటరులో కూర్చున్నామె నా పాస్‌పోర్టు యంత్రం మీద పెట్టింది. తెర వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ తెర వైపు చూసింది. అంతే, మొహంలో నవ్వు ఎగిరిపోయింది. పక్క గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ లేదు. నాతోపాటు దిగినవాళ్ళు పెట్టెలు లాక్కుంటూ బయటికి పోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

రెండేళ్ళ క్రితం నేను ఈ దేశానికి చుట్టపుచూపుగానే వచ్చాను. ఒట్టు. అక్కను చూసి, నాలుగు రోజులుండి పోదామనే వచ్చాను. ఇక బయల్దేరతాననగా అక్క స్నానాల గదిలో పడిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్కసారే పోయాయి. టికెట్టుంది కదా అని ఆ స్థితిలో వదిలేసి విమానమెక్కితే దాన్నేమైనా తోడబుట్టిందంటారా? "గడువు పెంచమని కాగితాలు పెట్టానమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు బావ. పెట్టాడు, కాదనను. వాళ్ళు కుదరదన్నారు. ఆ ముక్క నాకు చెప్పడం మాత్రం మర్చిపోయాడు. తీరా తెలిసేసరికి నేను దొంగనై కూర్చున్నాను. జరిమానా కట్టి, తలొంచుకుని వెళ్ళిపోయాను. కొంతకాలం రావద్దన్నారు. అది తీరాక కొత్త వీసా ఇచ్చారు.

మళ్ళీ ఎందుకొచ్చావంటారా? బావే ఫోను చేశాడు. "మీ అక్క ఇదివరకు ఏదో ఒకటి అనేది, నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అనడం కూడా మానేసింది. అన్నం ముట్టట్లేదు. గోడవైపు తిరిగి పడుకుంటోంది. నువ్వొస్తే తప్ప లాభం లేదమ్మా," అంటూ ఏడ్చాడు. నిజమే. అక్కకు మాట కొంత తిరిగొచ్చింది గానీ, అది మాటేనని నాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కనే పడుకుని ఆ ముక్కలన్నీ నేర్చుకున్నాను. ఇప్పుడు నేనీ తలుపు దాటకపోతే అక్క అలా గోడవైపు తిరిగే పోతుంది. నా భయమంతా అదే.

ఆఫీసరు నా పెట్టె పట్టుకుని వచ్చాడు. చూస్తే నెమ్మదైన మనిషే. ఆ చొక్కా కుట్టినవాడే చేతగానివాడు, ఎడమ భుజం జారిపోయింది. దర్జీదాన్ని, నా కళ్ళు ఎక్కడున్నా ఊరుకోవు. ఆయన బల్ల మీద ఫోను పెట్టి మీట నొక్కాడు. అందులోంచి తెలుగు వినపడింది.

"నమస్కారమండీ. నేను దుబాసీని. ఆయన అడిగింది మీకు చెప్తాను, మీరన్నది ఆయనకి చెప్తాను. నా సొంత మాటంటూ ఏదీ ఉండదండీ."

"అబ్బ, ఎంత హాయైన ఉద్యోగం తల్లీ," అన్నాను.

అదీ ఆయనకి చెప్పేసినట్టుంది, ఆఫీసరు కనుబొమ్మలు ఎగరేశాడు. ఇక అక్కణ్ణించి నోరు అదుపులో పెట్టుకున్నాను.

పెట్టె తెరిచాడు. నా చీరల కింద నుంచి జాకెట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. ఎర్రది, ఆకుపచ్చది, చంకలో అతుకు వేసింది, మెడ దగ్గర వెలిసిపోయింది. బల్ల నిండిపోయింది. అన్నీ వాడినవే. ఒక్కటీ నా కొలత కాదు. నేనేమో ఎండుపుల్లలా ఉంటాను, వాటిల్లో కొన్నింటిలోకి నాలాంటివాళ్ళు ఇద్దరు దూరొచ్చు.

"ఇవన్నీ ఎవరివని అడుగుతున్నారండీ."

"ఆది జాకెట్లమ్మా."

దుబాసీకి తెలుసు గానీ, సొంత మాట ఉండదుగా! అదేమిటో నన్నే చెప్పమంది. చెప్పాను. కొత్త జాకెట్టు కుట్టించుకునే మనిషి, ఒంటికి సరిగ్గా అమరిన పాతదొకటి దర్జీకి ఇస్తుంది. దాన్ని చూసి కుట్టి, కొత్తదీ పాతదీ కలిపి తిరిగివ్వాలి. అక్క మంచాన పడ్డప్పుడు ఆ భవనంలో ఉన్న మనవాళ్ళు వంతులేసుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. నేను మందులకు వెళ్ళినా, ఓ కునుకు తీసినా వాళ్ళే దిక్కు. 'మీ రుణం ఎలా తీర్చుకోనర్రా' అంటే, 'నీ చేత్తో ఓ జాకెట్టు కుట్టిపెట్టు పిన్నీ, అదే పదివేలు' అన్నారు. కుట్టాను. నేను వెళ్ళే హడావుడిలో కొత్తవి వాళ్ళకు చేరాయి, ఆదివి నా బట్టల్లో కలిసి నాతో వచ్చేశాయి. ఒంటికి అమరిన జాకెట్టు దొరకడం ఎంత కష్టమో తొడుక్కునేవాళ్ళకే తెలుసు. ఇంకొకరి ఆది దగ్గరుంచుకోవడం మా పనిలో దొంగతనంతో సమానం. "అవెక్కడైనా పారెయ్, పెట్టెలో పెట్టకు," అని బావ మొత్తుకున్నాడు. నేను వింటేగా! నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఆఫీసరు అంతా విన్నాడు. ఒక జాకెట్టు తిరగేసి కుట్టు చూశాడు.

"ఏ కొట్లో పనిచేశారని అడుగుతున్నారండీ."

కొట్టేమిటి నీ మొహం, అనబోయి మింగేశాను. "కొట్టూ లేదు, మిషనూ లేదు. అక్క మంచం పక్కన కూర్చుని చేత్తో కుట్టాను. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోలేదు."

ఆయన ఆ జాకెట్టు పక్కన పెట్టి ఏదో అన్నాడు. తర్వాత దుబాసీ చెప్పింది. "గడువు దాటాక కూడా మీరు అక్కగారింట్లోనే ఉండి ఆవిణ్ణి చూసుకున్నారని ఆ ఇంటివాళ్ళు చెబితే లోపలికి పంపుతారటండీ. బయట ఎక్కడో ఉండి పనిచేశారని తేలితే వచ్చిన విమానంలోనే వెనక్కి. ఇక వీసా ఇవ్వరు."

"ఓస్, అంతేనా!" నాకు ప్రాణం లేచొచ్చింది. "మా బావనే అడగమనండి. మూడు పూటలా నేను వండిందే తిన్నాడు."

బావకు ఫోను కలిపారు. బావ హలో అన్నాడు. అక్క మంచం పక్కనే ఉండి, తనకీ వినపడేలా ఫోను పెట్టినట్టున్నాడు. ఆఫీసరు నిదానంగా ఏదో చెప్పాడు, దుబాసీ నాకూ చెప్పింది.

"గడువు దాటిన మనిషిని తెలిసి ఇంట్లో ఉంచుకోవడం నేరమని, ఉంచుకున్నవాళ్ళ నివాస అనుమతి రద్దవుతుందని ముందే హెచ్చరిస్తున్నారండీ. ఇప్పుడు చెప్పండి, ఆవిడ మీ ఇంట్లోనే ఉన్నారా అని అడుగుతున్నారు."

 బావ వాళ్ళ భాషలో గబగబా ఏదో అన్నాడు.

"ఆయన..." దుబాసీ గొంతు తగ్గింది. "గడువు లోపలే మీరు వాళ్ళిల్లు వదిలి వెళ్ళిపోయారంటున్నారండీ. తర్వాత ఎక్కడున్నారో, ఏం చేశారో తనకి తెలీదట."

నాకు ఒళ్ళు భగ్గున మండిపోయింది. రమ్మని ఏడ్చిన నోరే కదా అది! ఎంతమాటన్నావు బావా, అని అరవబోయాను.

ఇంతలో ఫోనులో, బావ వెనకనుంచి ఒక కేక వినిపించింది. ముక్కలు ముక్కలుగా, గొంతు చించుకుని. మళ్ళీ అదే కేక. మళ్ళీ అదే. 

"ఎవరండీ అరుస్తున్నారు?" దుబాసీ చేత అడిగించాడు ఆఫీసరు.

"మా అక్క."

"నాకు ఒక్క ముక్కా అర్థం కావట్లేదండీ. మీ బావగారూ తనకి తెలీదంటున్నారు. మీకు తెలిస్తే చెప్పమంటున్నారు ఆఫీసరుగారు. ఆవిడ మాటా లెక్కలోకి తీసుకుంటారట."

నాకు తెలియకేం? 'చెల్లి నా దగ్గరే ఉంది. రోజూ నా పక్కనే పడుకుంది.' అదీ అక్క అంటున్నది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది, నాకోసం విప్పింది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఉన్నదున్నట్టు చెబితే ఈ తలుపు తెరుచుకుంటుంది, ఇంకో గంటకు అక్క తల నా ఒళ్ళో ఉంటుంది. ఆ తర్వాత బావ అనుమతి పోతుంది, ఉద్యోగం పోతుంది. అక్క చేతినీ కాలినీ కదిలిస్తున్న వైద్యం పోతుంది. ఇద్దర్నీ పెట్టే బేడా సర్దుకోమంటారు. బావను మనసారా తిట్టుకున్నాను, నాకొచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాను. పిరికి సన్నాసి. కానీ ఏం చెయ్యను, అక్క మంచం ఉన్నది ఆ పిరికివాడి ఇంట్లోనే.

"మంచినీళ్ళు అడుగుతోందండీ," అన్నాను.

దుబాసీ ఆ మాట చెప్పింది. ఆఫీసరు నా మొహంలోకి చూస్తూ ఇంకోటి అడిగాడు.

"మరి గడువు దాటాక మీరెక్కడున్నట్టండీ?"

"మా బావ చెప్పిందే నిజం. అక్కింట్లో లేను."

ఆఫీసరు జాకెట్లన్నీ తిరిగి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు. ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. అవతల కేకలు ఆగిపోయాయి. అక్క విన్నది. నా గొంతూ విన్నది, నా అబద్ధమూ విన్నది. గోడవైపు తిరిగిపోయిందేమో అనుకున్నాను.

అప్పుడు అక్క నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడగట్టుకుంటూ ఒక మాట అంది.

"ఈసారి నాకూ అర్థమైందండీ," అంది దుబాసీ. "నీళ్ళంటున్నారు. నీళ్ళే."

బావ చెప్పుల చప్పుడు వెళ్ళి, తిరిగొచ్చింది. ఆ తర్వాత గుటకలు వినిపించాయి. దాహం లేని మా అక్క గ్లాసెడు నీళ్ళూ తాగింది.