అత్త పేరు మీద సూది

"చెయ్యి నొస్తే నొయ్యనియ్యి. గింత మంది వస్తున్నరు, రొట్టెలెవరు చెయ్యాలె?" అన్నాడు మన్సూర్. చేస్తూనే ఉన్నాను. సూది పొడిచిన ఎడమ భుజం వాచి మండుతోంది, ఒళ్లు కాలిపోతోంది. పోనీ ఆ సూది నాదా అంటే, అదీ కాదు.

హజ్‌కు పోయేది మా అత్త హబీబున్నీసా, తోడుగా నా మొగుడు మన్సూర్. నేను పోతే క్వార్టర్ ఎవరు చూస్తారు, గనికి పోయే మరిదికి సద్ది ఎవరు కడతారు? పోయిన ఏడు అక్కడ గర్దన్‌తోడ్ బుఖార్, అదే మెడ బిగుసుకుపోయే మెదడు జ్వరం, చాలామందికి వచ్చిందట. సూది వేయించుకోనిదే విమానం ఎక్కనివ్వరు. అత్తకేమో సూదంటే చచ్చేంత భయం. భయమని ఒప్పుకుంటుందా? "అల్లా ఇంటికి పోయేటోళ్లకు రోగమేంది?" అంది.

మన్సూర్ నావైపు తిరిగాడు. "బురఖాల ఎవరున్నరో ఎవరికెరుక? అమ్మీ పేరు చెప్పి నువ్వు పొడిపించుకో."

రేషన్ లైన్లో అత్త పేరు మీద నేనే, మోకాళ్ల మందుల లైన్లో నేనే. ఇప్పుడు సూదికీ నేనే. దవాఖానలో హబీబున్నీసా అని పిలిస్తే లేచి వెళ్లి చెయ్యి చాపాను. ఛీ, ఏం బతుకు! నా ఒంటికి కూడా నా పేరు లేకపోయింది. "ఇది లేకుంట పోతే పానానికే ముప్పు. తిరిగొచ్చినంక ఇంట్ల పిల్లలకు గూడ అంటుకుంటది," అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. "సూది ఏసినట్టు కాగితం వచ్చింది గద, నోర్ముయ్యి," అన్నాడు మన్సూర్.

ఈ సాయంత్రం ఇల్లంతా జనం. హజ్‌కు పోయేవాళ్లు ముందుగా అందరినీ మాఫీ అడగాలి. ఒక్కరి మనసు నొచ్చి ఉన్నా ఆ యాత్రకు బర్కత్, అల్లా దీవెన, ఉండదంటారు మావాళ్లు. మెడలో పూలదండతో అత్త ఒక్కొక్కరినీ అడిగింది. పక్క క్వార్టర్ అనసూర్య చేతులు కూడా పట్టుకుంది. "అయ్యో, గట్లంటవేంది అవ్వా!" అని అనసూర్య ఏడ్చేసింది. ఆఖరున అత్త పొయ్యి దగ్గర ఉన్న నా ముందుకొచ్చింది.

"ఏమన్న అని ఉంటే మాఫ్ చెయ్యి, కుబ్రా."

మాఫ్ చేశాననడం మర్యాద. అంటానన్న ధీమాతో మన్సూర్ నవ్వుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు చూస్తే కోపమొచ్చింది. ఈ ముసలామె నిజంగానే అక్కడ చచ్చిపోతుందేమోనని భయమూ వేసింది. పిండి చేతులు కడుక్కుని, ఆమె బురఖా తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాను.

"మాఫ్ చెయ్య, అమ్మీ. నీ సూది నా ఒంట్ల ఉన్నది. పోవుడుకు ఇంక టైమున్నది, రేపు పొద్దుగాల నాతోని దవాఖానకు నడువు. నీ పేరు చెప్పి నువ్వే పొడిపించుకో. అప్పుడు మాఫ్ చేస్త."

మన్సూర్ నవ్వు ఆగిపోయింది. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. వెనక పెనం మీద రొట్టె మాడుతోంది. మాడనిచ్చాను.