పిలవని పేరు

మా రేవులో తెల్లారగానే మొదలయ్యే పని పొయ్యి రాజెయ్యడం. మట్టి పొయ్యిల మీద ఇనప జల్లెడలు పరిచి, వాటి మీద చేపలు పేర్చి, పొద్దుగూకే దాకా పొగబెడతారు ఆడవాళ్ళు. ఒతువా ముప్పై ఏళ్ళుగా ఆ పొగే పీలుస్తోంది. సైనస్ రావడంలో వింతేం లేదు. మొన్నటి వానలకి ముక్కు పూర్తిగా దిబ్బడేసింది, ఆ వెనకే చెవులూ మూసుకుపోయాయి.

"చెవులకేం కాలేదమ్మా," అని నర్సు ఆమె మొహంలో మొహం పెట్టి అరిచింది. "ముక్కు నుంచి చెవికి సన్న గొట్టం ఉంటుంది. అది వాచి మూసుకుంది. లోపల నీరు నిలిచింది. ఆ పొగ మానెయ్."

"మానేస్తే కూడు నువ్వు పెడతావా?" అంది ఒతువా.

ఇలాంటివాళ్ళు మా తీరంలో ఇంటికొకరు. చెవిలోకి దారి దొరకని మాటలు నుదుటి వెనక చీమిడితో పాటు పేరుకుంటాయి. తుమ్మితే బయటపడతాయి, ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే. ఒతువా తుమ్మినప్పుడల్లా మొన్నటి మేక అరిచేది, నిన్నటి అల్లుడు కుశలం అడిగేవాడు. అల్లుడు ఊళ్ళో లేకపోతే కూతురు బదులు చెప్పేది. అందుకే ముక్కు దిబ్బడ ఉన్నవాళ్ళ ముందు మావాళ్ళు నోరు అదుపులో పెట్టుకుంటారు.

ఒతువా ఆడపడుచు క్వాన్సిమా మరీ జాగ్రత్త మనిషి. మా ఫాంటీ తెగలో మగవాడి పడవ కొడుక్కి రాదు, మేనల్లుడికి పోతుంది. ఒతువా మొగుడు చచ్చిపోయాక పడవ క్వాన్సిమా కొడుక్కి వచ్చింది. ఆ పడవ చేపల్లో ఒతువా వంతు మాత్రం ఆమెకే మిగిలింది. ఆ ఒక్క గిన్నె చేపలే ఆమె తిండి. అదీ తన కూతురికి రావాలని క్వాన్సిమా కడుపుమంట.

పడవ ఒడ్డెక్కగానే వంతులవాళ్ళ పేర్లు పిలిచేది క్వాన్సిమానే. వరసగా మూడు రోజులు పలకనివాళ్ళ వంతు పోతుంది. ఒతువా ఆమె పెదాలు చూసి తన పేరు పోల్చుకుని పలికేది. ఆ వారం వరసగా మూడు రోజులు ఒతువా గిన్నె ఖాళీగా ఇంటికొచ్చింది.

మంగళవారం మావాళ్ళు సముద్రం మీదికి వెళ్ళరు, తగవులన్నీ ఆ రోజే. చేపల బేరానికి పెద్ద అయిన బడువా అనే ముసలామె ముందు ఇద్దరూ నిలబడ్డారు.

"గొంతు చించుకుని పిలిచాను పెద్దమ్మా," అంది క్వాన్సిమా. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది."

"పిలవలేదు," అంది ఒతువా. "నోరు చూస్తూనే ఉన్నా. అందరి పేర్లూ వచ్చాయి, నాది రాలేదు."

"కంటితో విన్నావా వదినా? రేపు గుడ్డివాళ్ళొచ్చి చెవితో చూశామంటారు."

ఆడవాళ్ళంతా నవ్వారు. పిలవలేదని వాళ్ళకి తెలీదా? తెలుసు. మూడు రోజులుగా ఆ వంతు వాళ్ళ గిన్నెల్లోనే పడింది, అందుకే నోళ్ళు లేవలేదు. సిగ్గులేని జనం.

"తుమ్మి ఎన్నాళ్ళయింది?" అని బడువా ఒతువా చెవిలో అరిచింది.

"నాలుగు రోజులు. నుదురు బద్దలైపోతోంది."

బడువా తన ముక్కుపొడుం డబ్బీ చాచింది. క్వాన్సిమా నవ్వింది.

"తుమ్మనివ్వండి. నేను వదినని ఒక్క చెడ్డ మాట అన్నానేమో మీరే వెతకండి."

నిజమే, అనలేదు. ఏమీ అనకపోతే ఏమీ మిగలదని ఆమె ధీమా.

ఒతువా తుమ్మింది. ముందు పొయ్యి చిటపటలు వచ్చాయి, తర్వాత కాకుల గోల, ఆ తర్వాత క్వాన్సిమా గొంతు. "పాన్యిన్. మన్సా. ఎకూవా. అడ్వోవా." అలవాటు కొద్దీ ఆ నలుగురూ "ఉన్నా" అని పలికారు. రెండో తుమ్ముకి రెండో రోజు, మూడో తుమ్ముకి మూడో రోజు. మన్సాకీ ఎకూవాకీ మధ్య ఒతువా పేరుండాలి. మూడుసార్లూ అక్కడ ఊపిరి తీసుకున్నంత సందు కూడా లేదు.

"గాలికి పోయుంటుంది," అంది క్వాన్సిమా.

"అందరివీ నిలిచి, ఆమెదొక్కటే గాలికి పోయిందా?" బడువా డబ్బీ మూత పెట్టేసింది. "వంతు ఒతువాదే. రేపట్నించి ముందు ఆమె పేరు పిలు. పలికేదాకా రెండో పేరెత్తకు. పిలవడం కష్టమైతే చెప్పు, ఆ పనికి ఇంకొకర్ని చూస్తా."

మూడో తుమ్ముకి వదులైన ఒతువా చెవులు అప్పుడు టప్పున తెరుచుకున్నాయి. క్వాన్సిమా గొణుక్కున్న తిట్టే ఆమె విన్న మొదటి మాట. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పడవ ఇసుకెక్కింది.

"ఒతువా," అంది క్వాన్సిమా పళ్ళ సందులోంచి.

ఒతువాకి స్పష్టంగా వినిపించింది. గిన్నె తుడుచుకుంటూ నిలబడింది.

"ఒతువా."

రేవంతా ఇటు తిరిగింది. చేపలు ఎండలో ఉన్నాయి. మూడోసారి క్వాన్సిమా మెడ నరాలు ఉబ్బేలా అరిచింది.

"ఉన్నాలేవే," అంది ఒతువా తీరిగ్గా. "ఎందుకలా అరుస్తావు, నేనేమన్నా చెవిటిదాన్నా?"